ప్యాసింజరు బండి: స్మృతికావ్యమా, హక్కా?

కొన్నేళ్ళుగా మన సీమ వచనంలో ఒక కొత్త శాఖ మొలిచింది. దానికి ఇంకా ఎవరూ నామకరణం చేయలేదు గనుక ‘ప్యాసింజరు స్మృతి సాహిత్యం’ అని నేనే పేరు పెడుతున్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మీదుగా నడిచిన పాత డీజిలు బండిని తలచుకొని రాసిన స్కెచ్‌లూ, వచన కవితలూ, ఆదివారపు జ్ఞాపకాలూ అన్నీ ఇందులో చేరతాయి. వీటి సామగ్రి అంతా ఒక చిన్న మూటలో ఇముడుతుంది: ఇంజను కూత, కిటికీ పక్క సీటు, ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం, పెనుకొండ కోట మీద వాలే పొద్దు, కళ్ళలో పడ్డ నలుసు, ముక్కుకు తగిలిన డీజిలు వాసన. చివరి వాక్యం కూడా దాదాపు అందరిదీ ఒక్కటే: ఆ రోజులు ఇక రావు.

ఈ చివరి వాక్యంతోనే నాకు తగవు. రోజులు పోయాయంటే కాలం తీసికొనిపోయిందని అర్థం. కాలాన్ని ఎవరూ నిలదీయలేరు. బండి పోయిందంటే మాత్రం ఎవరో తీసివేశారని అర్థం. తీసివేసినవారికి ఒక కచేరీ ఉంటుంది. ఆ కచేరీ నుంచి వెలువడిన ఉత్తర్వు ఉంటుంది. ఆ ఉత్తర్వు మీద తేదీ ఉంటుంది. వారిని నిలదీయవచ్చు. స్మృతి సాహిత్యం చేస్తున్న పని ఏమంటే, బండిని తీసికొనిపోయి రోజుల్లో కలిపివేయడం. దానితో నిలదీయవలసిన చోట నిట్టూర్పు విడుస్తాం. నిట్టూర్పులో ఎంత కవిత్వమున్నా అది అధికారి బల్లమీదికి పోయే అర్జీ కాదు.

మొదట ఆ డీజిలు బండిని ఉన్నదున్నట్లు చూద్దాం. అది ఏనాడూ స్వర్గరథం కాదు. ఒంటి పట్టాల దారిలో ప్రతి ఎక్స్‌ప్రెస్సుకూ దారి ఇచ్చి ఏ చిన్న స్టేషనులోనో పక్క లైనులో పడి ఉండేది. మన ఎండాకాలంలో ఆ ఇనుప పెట్టె పెనంలా కాలేది. మరుగుదొడ్డిలో నీళ్ళుంటే అది పండుగ. ఇక ఆ వాసన సంగతి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, డీజిలు పొగను మనుషులకు క్యాన్సరు కలిగించేవాటి జాబితాలో చేర్చింది. కిటికీ పక్కన కూర్చొని వారానికొకసారి పీల్చినవానికి అది జ్ఞాపకం. ఇంజనులో నిలబడి బతుకంతా పీల్చిన డ్రైవరుకూ, షెడ్డులో పనిచేసిన ఫిట్టరుకూ అది ఊపిరితిత్తుల లెక్క. స్మృతి సాహిత్యంలో ఆ డ్రైవరు చెయ్యి ఊపుతూ కనబడతాడేగాని దగ్గుతూ ఎక్కడా వినబడడు.

పైగా ఇంజనుమీది మమకారం ఎప్పుడూ ఒక్క ఇంజనుకు కట్టుబడి ఉండదు. గుంతకల్లు నుంచి బెంగుళూరుకు మీటరుగేజి దారి 1892–93 ప్రాంతంలో పడింది. తొంభై ఏళ్ళకు, 1980లలో, అది బ్రాడ్‌గేజి అయింది. ఆవిరి ఇంజను పోయి డీజిలు వచ్చినప్పుడు పెద్దలు బొగ్గుపొగ కోసం కంటతడి పెట్టుకొన్నారు. 2010ల దశాబ్దంలో తీగలు వచ్చి విద్యుత్తు బండి పరుగెత్తగానే ఇప్పుడు వీరు డీజిలు కోసం పెట్టుకొంటున్నారు. రేపు మెమూ బండి పోయిననాడు దాని చప్పుడు లేకపోయెనే అని మరొక తరం వాపోతుంది. ప్రతి తరమూ తన ఇరవై ఏళ్ళ వయసును ఏదో ఒక ఇంజనుకు తగిలించి పంపుతుంది. ఆ ఏడుపు నిజమే కావచ్చు. అది మాత్రం తమ యవ్వనం కోసం. రైలు సమస్యకూ దానికీ సంబంధం చాలా తక్కువ. విద్యుత్తు రావడం మంచిదే. పొగలేని బండికి అభ్యంతరం చెప్పేవాడు అభ్యుదయవాది కాడు.

మరి పోయినదేమిటి? మూడు సంగతులు పోయాయి, లేదా పోవడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒకటి, ప్రతి స్టేషనులోనూ ఆగడం. రెండు, కూలివాడు జేబు తడుముకోకుండా కొనగలిగిన టిక్కెట్టు. మూడు, పనికిపోయే వేళకు పోయి పని ముగిసే వేళకు తిరిగి తెచ్చే కాలపట్టిక. ఇంజను ఏదైనా కావచ్చు. ఈ మూడూ కలిసి ఉన్నదే ప్యాసింజరు బండి. ఈ మూటిలో ఏ ఒక్కటి తీసివేసినా అది పట్టాల మీద పోయే మరొక వాహనమే గాని ప్యాసింజరు కాదు.

ఈ మూటి విలువ తెలియాలంటే ఆ బండి ఎక్కినవారెవరో చూడాలి. ధర్మవరంలో మగ్గం నేసేవానికి పట్టు నూలు కావాలి, చీర అమ్ముడుపోవాలి. రెంటికీ దిక్కు బెంగుళూరు. ధర్మవరం పట్టుచీరకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు చీరకు వచ్చిందిగాని, దాన్ని నేసినవాని రాకపోకలకు రాలేదు. హిందూపురంలో పట్టుగూళ్ళ బజారుంది. చింతపండు, బెల్లం బజార్లున్నాయి. వానలు లేని ఏడు మన పల్లెలనుంచి తాపీ పనికీ, మట్టి పనికీ బెంగుళూరుకు పోని గడప అరుదు. మాలుగూరు, చాకర్లపల్లి వంటి చిన్న స్టేషన్ల పిల్లలు హిందూపురం కాలేజీలకు రావాలి. హిందూపురం నుంచి బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు. నడుమ ఒక రాష్ట్రం సరిహద్దు. దేవరపల్లి దాటగానే కర్ణాటకం. విదురాశ్వత్థం, గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక.

ఈ సరిహద్దును చిన్నచూపు చూడకండి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆ రాష్ట్రపు స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఈ రాష్ట్రపు స్త్రీలకు ఉచితం. రెండూ మంచి పథకాలే. కాని హిందూపురం నుంచి బెంగుళూరుకు కూలికిపోయే ఆడకూతురి కోసం ఏ పథకమూ సరిహద్దు దాటదు. రాష్ట్రాంతర బస్సులో ఆమె పూర్తి ఛార్జీ ఇచ్చుకోవలసిందే. ఆమెకు రెండు ప్రభుత్వాలున్నాయి, రెండూ ఎల్లలోనే ఆగిపోతాయి. ఆ ఎల్ల దాటించగల చౌక వాహనం రైలు ఒక్కటే.

ఆ రైలుకు ఏం జరిగింది? 2020 మార్చిలో మహమ్మారి పేరున దేశమంతటా ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. అప్పుడు ఆపడం తప్పని ఎవరూ అనరు. అసలు కథ తిరిగి నడపడంలో ఉంది. బండ్లు పట్టాలమీద ఇంకా కదలకముందే, 2020 జూన్‌లో, రెండువందల కిలోమీటర్లకు మించి నడిచే ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్సులుగా మార్చాలని రైల్వే బోర్డు జోన్లకు రాసింది. ఇట్టివి దేశంలో ఐదు వందలదాకా ఉన్నాయి. ‘సున్నా నుంచి కాలపట్టిక’ అనే పథకం కింద ఆదాయం తక్కువగా ఉన్న ఆగుచోట్లను ఎత్తివేసే ఆలోచనా ఆ రోజులదే. చిన్న బండ్లు తిరిగి వచ్చినప్పుడు వాటి నెంబరుకు ముందొక సున్నా చేరింది. ‘ప్రత్యేకం’ అన్న బిరుదు తగిలింది. అదే బండి, అవే పెట్టెలు, అవే ఆగుచోట్లు, అదే ఆలస్యం. టిక్కెట్టు మాత్రం ఎక్స్‌ప్రెస్సుది. కనిష్ఠ ఛార్జీ పది రూపాయల నుంచి ముప్పై అయింది. శాసనసభలో చర్చ లేదు, పార్లమెంటులో ఓటు లేదు. పేరు మారిస్తే ధర మూడింతలయింది. వడ్డీ వ్యాపారి కూడా పత్రం తిరగరాయకుండా ఇంత పని చేయలేడు.

ఆ ముప్పై రూపాయలు దాదాపు నాలుగేళ్ళు నడిచాయి. 2024 ఫిబ్రవరిలో, సార్వత్రిక ఎన్నికలకు కొద్ది వారాల ముందు, పాత పది రూపాయలు తిరిగి వచ్చాయి. ఎట్లా ఎక్కించారో అట్లాగే, అంతే సులువుగా దించారు. దీన్నిబట్టి తేలేదేమంటే, ఆ పెంపుకు ఆర్థికశాస్త్రంలో అనివార్యత ఏమీ లేదు. అడిగేవాడు లేకపోవడమే దాని ఆధారం. వృద్ధుల రాయితీని అదే 2020 మార్చిలో ఎత్తివేశారు. మహమ్మారి పోయిన ఏళ్ళలో కూడా దానిని తిరిగి ఇవ్వలేదు. ఈ నాలుగేళ్ళలో మన స్మృతి రచయితలు డీజిలు వాసన గూర్చి రాసిన పుటల్లో ఈ ముప్పై రూపాయల ప్రస్తావన నాకు ఎక్కడా కనబడలేదు.

ఇక్కడ నా తరగతి గదిలోని ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. పాత ఛార్జీ తిరిగి వచ్చిన కొత్తలో డిగ్రీ విద్యార్థులకు ‘రైలు’ అన్న శీర్షిక ఇచ్చి వ్యాసం రాయమన్నాను. చాలామంది అచ్చులో చదివిన వాటినే రాశారు: కూత, కిటికీ, శెనక్కాయలు. పెనుకొండ, హిందూపురం మధ్య ఒక చిన్న స్టేషను పల్లెనుంచి వచ్చే అమ్మాయి మాత్రం ఒకటిన్నర పుట రాసింది. అందులో వాసన లేదు, పొద్దు లేదు. ఒక లెక్క ఉంది. ‘పోను పది, రాను పది, రోజుకు ఇరవై. తర్వాత పోను ముప్పై, రాను ముప్పై, అరవై. నెలకు ఇరవైనాలుగు రోజులు కాలేజీ. నాలుగు వందల ఎనభై, పద్నాలుగు వందల నలభై అయింది. సీజను టిక్కెట్టు అప్పుడు ఇవ్వలేదు. మా నాయన బెంగుళూరులో తాపీ పని. ఇద్దరికీ కట్టలేనన్నాడు. అక్క ఆగిపోయింది, నేను వచ్చాను.’ చివర రెండే వాక్యాలు: ‘ఇప్పుడు టిక్కెట్టు పది రూపాయలే సార్. అక్కకు కాలేజీ వయసు అయిపోయింది.’

తెలుగు సాహిత్యం చదివి, చెప్పే వృత్తిలో ఉన్నవానిగా అంటున్నాను: ఆ తరగతిలో రైలు మీద సాహిత్యం రాసినది ఆ అమ్మాయి ఒక్కతే. వాస్తవికత అంటే వస్తువుల పట్టీ కాదని మన విమర్శకులు ఎన్నోసార్లు చెప్పారు. ఏ వస్తువు ఏ బతుకును ఎటు తిప్పిందో చూపడమే వాస్తవికత. శెనక్కాయల పొట్లం ఎవరి బతుకునూ ఎటూ తిప్పలేదు. నలభై రూపాయల తేడా ఒక బతుకును తిప్పింది. ఒకటి అలంకారం, రెండవది ఇతివృత్తం.

మన సాహిత్యానికి ఈ తేడా కొత్త కాదు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు 1952లో ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అందులో రైలు ఉంది; కాని అది వేడుక కోసం లేదు. ఒక పెద్దమనిషి సిద్ధాంతాలనూ ఒక బిచ్చగత్తె బతుకునూ ఒకే చోటికి చేర్చగలిగినది ఆ రైలే గనుక ఉంది. గాంధీ సంగతి మరీ విచిత్రం. 1909లో ‘హింద్ స్వరాజ్’లో ఆయన రైళ్ళనే దుయ్యబట్టాడు. అదే గాంధీ 1917లో మూడో తరగతి ప్రయాణికుల దుస్థితి మీద రాయవలసి వచ్చినప్పుడు కిక్కిరిసిన పెట్టెలనూ, మురికినీ, మొదటి తరగతికీ మూడో తరగతికీ ఛార్జీలో, సౌకర్యంలో ఉన్న తేడానూ ఒక్కొక్కటిగా ఎత్తిచూపాడు. రైలును ఇష్టపడనివాడు ప్రయాణికుని పక్షాన లెక్క రాశాడు. రైలును ప్రేమిస్తున్నామనే మనవారు సువాసన రాస్తున్నారు. ఎవరి ప్రేమ ఎటువంటిదో పాఠకులే తేల్చుకోవచ్చు.

ఇప్పుడు ఎదుటి పక్షంవారి వాదం వినాలి. ‘ప్యాసింజరు బండి నష్టాల బండి. దేశం ముందుకు పోవాలంటే వేగం కావాలి’ అని వారంటారు. ఈ నష్టపు మాటను వారు మన చేతిలో పెట్టే టిక్కెట్టు మీదనే అచ్చు వేయించారు. ప్రయాణం ఖర్చులో సగటున నూటికి 57 వంతులు మాత్రమే రాబడుతున్నామనీ, తక్కిన 43 వంతులు దేశంలోని సామాన్య పౌరులు మోస్తున్నారనీ కొన్నేళ్ళుగా టిక్కెట్టు మనకు బోధిస్తున్నది. డబ్బు పెట్టి కొన్న సరుకు మీద కొన్నవానినే దోషిగా నిలబెట్టే వ్యాపారం ఇంకెక్కడైనా ఉందా? ఇంతకూ ఆ సామాన్య పౌరుడెవరు? టిక్కెట్టు కొన్న తాపీ కూలీ సామాన్యుడు కాడా? అతడు కొన్న సబ్బు మీద, సిమెంటు మీద, తలనొప్పి మాత్ర మీద పన్ను కట్టలేదా? సామాన్యుని భారాన్ని సామాన్యుడే మోస్తుంటే, ఆ ఉపకారానికి సామాన్యుడే సిగ్గుపడాలట!

2019 సెప్టెంబరులో కంపెనీల ఆదాయం మీది పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. దానివల్ల ఖజానా ఏటా వదులుకొనేది 1.45 లక్షల కోట్ల రూపాయలని ప్రభుత్వమే ప్రకటించింది. దాని పేరు నష్టం కాదు, ‘ప్రోత్సాహం’. ముంబై–అహమ్మదాబాదు బుల్లెట్టు రైలుకు 2017లో పునాది వేసిననాటి అంచనా లక్షా ఎనిమిదివేల కోట్లు. దాని పేరు ‘ముందుచూపు’. చాకర్లపల్లిలో ఒక్క నిమిషం ఆగే బండికి అయ్యే ఖర్చు పేరు ‘భారం’. ఒకే ఖజానా, మూడు నిఘంటువులు. ఏ మాటకు ఏ అర్థమో వర్గాన్నిబట్టి మారుతుందని మనం పుస్తకాల్లో చదువుకొన్నాం. ఇక్కడ టిక్కెట్టు వెనుక చదువుకోవచ్చు.

వేగం సంగతి. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ మన దారిన మొదలైంది. మొదలైననాడు దాని ఆగుచోట్లలో ధర్మవరం ఉంది. హిందూపురం లేదు, పెనుకొండ లేదు. వేగమైన బండి ఉండకూడదని నేననను. ఆ బండి పోవడానికి చిన్న బండి పక్క లైనులో నిలబడితే, ఆ వేగానికి ధర చెల్లిస్తున్నది చిన్న బండిలో కూర్చొన్నవాడు. ఒకని గంటను కోసి మరొకనికి అరగంట మిగల్చడం ప్రగతి అనిపించుకోదు, అది సమయాన్ని మార్చి పంచడం; అదీ కిందినుంచి పైకి.

పెనుకొండ ఈ న్యాయానికి మంచి ఉదాహరణ. 1565 తర్వాత విజయనగర ప్రభువులు తలదాచుకొన్న ఊరది. 2019లో దాని పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ నడక మొదలుపెట్టింది. అక్కడ తయారైన కార్లను పెనుకొండలో గూడ్సు రైళ్ళకెక్కించి ఉత్తరదేశానికి పంపుతున్నారు. మంచిదే, రోడ్డు మీద లారీలు తగ్గుతాయి. కాని ఈ వైచిత్రిని గమనించండి: రైలెక్కనక్కరలేని మనిషికోసం తయారైన కారు రైలెక్కి పోతున్నది. రైలే దిక్కయిన మనిషి ఏడో నెంబరు జాతీయరహదారి కూడలిలో — నలభైనాలుగని ఇప్పుడు దాని లెక్క — షేరు ఆటోకోసం చెయ్యి ఎత్తి నిలబడుతున్నాడు. పెనుకొండకు రైలు సౌకర్యం లేదని ఎవరనగలరు? ఉంది, కార్లకు ఉంది.

‘ఇదంతా అందరికీ తెలిసిందే, అయినా ఎందుకు సాగుతోంది?’ అంటే, అడిగే చోటు లేకుండా ఏర్పాటు చేశారు గనుక. 2003లో నైరుతి రైల్వే ఏర్పడి దాని ప్రధాన కార్యాలయం హుబ్లీలో వెలసింది. హిందూపురం, పెనుకొండ దాని బెంగుళూరు డివిజనులోకి పోయాయి; ధర్మవరం గుంతకల్లు డివిజనులో మిగిలింది. ఆంధ్ర పల్లెల ప్రయాణికుడు హుబ్లీకి ఓటరు కాడు. అమరావతికి రైలు తన శాఖ కాదు. బెంగుళూరు డివిజను కళ్ళకు మొదట కనబడేది బెంగుళూరు నగరం. నగరానికి చెమట మోసుకొచ్చే పల్లె ఆ తర్వాత. 1924 నుంచి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్టును 2017లో సాధారణ బడ్జెట్టులో కలిపివేశారు. ఏడాదికొకసారైనా మన బండి పేరెత్తి సభలో అరవడానికి ఉన్న రోజు అట్లా పోయింది. నెలసరి సీజను టిక్కెట్టు నూటయాభై కిలోమీటర్ల లోపుకే ఇస్తారు. హిందూపురంవాడు బెంగుళూరుకు కొనుక్కోగలడు, ధర్మవరంవాడు కొనలేడు. మగ్గం దూరంగా ఉండటం నేతగాని తప్పు! మడకశిర వంటి ఊరికి ఈనాటికీ రైలు లేదు. ఆ మీదుగా పోవలసిన రాయదుర్గం–తుమకూరు దారి 2007–08లో మంజూరై, ఒక తరం పిల్లలు చదువు ముగించి పోయేంతకాలం నడుస్తూనే ఉన్నది. ధర్మవరం–పాకాల దారి మీటరుగేజి నుంచి బ్రాడ్‌గేజికి మారే పేరున ఏళ్ళతరబడి మూతబడి, 2010 ప్రాంతానికిగాని పూర్తిగా తెరుచుకోలేదు.

ఈ దారులు పడిన చరిత్ర కూడా తలచుకోదగింది. 1876–78 నాటి ధాత కరువులో మన సీమ శవాల దిబ్బ అయింది. ఆ తర్వాత 1880లో కరువు కమిషను, రైలుదారులు వేయాలని సిఫారసు చేసింది. దక్షిణ మరాఠా రైల్వే కంపెనీ 1882లో పుట్టింది. తెల్లదొర దయతో వేయలేదు. ధాన్యం, సైన్యం, శిస్తు కదలాలని వేశాడు. 1853లోనే మార్క్స్ ఈ రైళ్ళ గూర్చి రాస్తూ దొరల ఉద్దేశం వేరు, దాని ఫలితం వేరు కావచ్చునని చూశాడు. ప్రజలు ఆ పట్టాల మీదికెక్కి, వాటిని తమ సంతకు, తమ బడికి, తమ పెళ్ళిళ్ళకు వాడుకొని సొంతం చేసికొన్నారు. దొర వేసిన బండిని ప్రజలు ప్యాసింజరు చేశారు. స్వతంత్ర ప్రభుత్వం దానిని తిరిగి దొర బండి చేస్తుంటే, మనం స్మృతి గీతాలు పాడుతున్నాం.

గతస్మృతి ఎంత ఉపయోగపడుతుందో, ఎవరికి ఉపయోగపడుతుందో ఇంగ్లండును చూసి తెలుసుకోవచ్చు. 1963లో బీచింగ్ అనే పెద్దమనిషి నివేదిక సమర్పించాడు. రెండువేలకు పైగా స్టేషన్లు మూయాలనీ, ఐదువేల మైళ్ళ దారి ఎత్తివేయాలనీ దాని సారాంశం. చాలామట్టుకు అట్లాగే మూశారు. ఆ తర్వాత అక్కడ పాత ఆవిరి ఇంజన్లను తుడిచి, రంగువేసి, ఆదివారాల్లో నడిపే ముచ్చట బాగా పెరిగింది. వాటికి టిక్కెట్టు కొని ఎక్కేది విహారయాత్రికుడు. పనికిపోయే మనిషి కాడు. స్మృతి వర్ధిల్లింది, సర్వీసు చచ్చింది. కాని అక్కడే మరొక పాఠమూ ఉంది. స్కాట్లండులో 1969లో మూసిన వేవర్లీ దారికోసం సరిహద్దు ప్రాంత ప్రజలు ఏళ్ళతరబడి పట్టుబట్టారు. 2015లో దానిలో ఎడింబరోకు చేరే భాగం తిరిగి తెరుచుకొంది. పాత ఇంజను కావాలని కోరినవారికి పాత ఇంజను దొరికింది; బండి కావాలని కోరినవారికి బండి దొరికింది. ఏది అడుగుతామో అదే వస్తుంది గనుక, అడిగేటప్పుడు జాగ్రత్తగా అడగాలి.

మనలోనే కొందరు మిత్రులు మరొక అభ్యంతరం చెబుతారు. ‘భూమి సమస్య ఉంది, నిరుద్యోగం ఉంది, మతోన్మాదం ఉంది. వీటి నడుమ ప్యాసింజరు బండి ఎంత?’ ఈ ప్రశ్నలో గాంభీర్యం ఉందిగాని వివేకం లేదు. నిరుద్యోగి పని దగ్గరకు పోయేది ఏ బండిలో? భూమి లేనివాడు వలస పోయేది ఏ బండిలో? వర్గ సమస్య మహాసభ తీర్మానంలోనే ఉంటుందనుకోవడం, అది ప్రొద్దున ప్లాట్‌ఫారం మీద క్యారియరు పట్టుకొని నిలబడి ఉండగా గుర్తుపట్టకపోవడం, మన పాత జబ్బు. 1974 మేలో లక్షలాది రైలు కార్మికులు ఇరవై రోజులు సమ్మె చేసి దేశాన్ని కదిలించారు. వారు నడిపే బండి, మనం ఎక్కే బండి ఒక్కటే. ఖాళీ పోస్టు నింపకపోవడమూ, చిన్న స్టేషనులో టిక్కెట్టు కిటికీ మూయడమూ ఒకే చేతి పనులు. గ్యాంగుమన్, ప్రయాణికుడు ఒకే అర్జీ మీద సంతకం చేయవలసినవారు.

కనుక అడగవలసినదేమో స్పష్టంగా అడుగుదాం. ధర్మవరం నుంచి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరుకు, ప్రొద్దున పనివేళకు చేరి సాయంత్రం తిరిగివచ్చే బండ్లు, ప్రతి స్టేషనులోనూ ఆగేవి కావాలి. వందే భారత్ వచ్చినా, రాజుగారి బండి వచ్చినా పనివేళ బండి పక్క లైనులో పడకూడదు. సాధారణ తరగతి ఛార్జీని బండి పేరు మార్చి పెంచే అధికారం ఏ బోర్డుకూ ఉండకూడదు. ఒక బండి తీసేముందు, ఒక ఆగుచోటు ఎత్తివేసేముందు ఆ ఊళ్ళో బహిరంగ విచారణ జరగాలి. సీజను టిక్కెట్టు హద్దు ధర్మవరం దాకా పెరగాలి. రెండు డివిజన్లూ కలిసి ఈ దారికి ఒక్క కాలపట్టిక వేయాలి. దానికి ప్రయాణికుల ప్రతినిధులు సాక్షులుగా ఉండాలి. ఇందులో విప్లవమేమీ లేదు. ఇంత మాత్రం అడగలేనివారు విప్లవాన్ని గూర్చి మాట్లాడటం మాత్రం విడ్డూరం.

ఇక రచయితలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు పని లేకపోలేదు. ప్రతి కాలేజీలో పదిమంది పిల్లలు కూర్చొంటే, తమ ఊళ్ళో 2020 మార్చికి ముందు ఆగిన బండ్లు ఏవి, తర్వాత ఆగినవి ఏవి, టిక్కెట్టు ఎప్పుడు ఎంతయింది, దానితో ఎవరి చదువు ఆగింది, ఎవరి పని పోయింది — ఈ పట్టీ నెలరోజుల్లో తయారవుతుంది. తెలుగు ఉపాధ్యాయులు దానిని వ్యాసరచనగా పెట్టవచ్చు, మార్కులు వేయవచ్చు. అట్టి వంద పుటలు ఒక చోట కుట్టితే అది అర్జీ అవుతుంది, సాక్ష్యం అవుతుంది. మన ప్రాంతానికి ఈ కాలంలో రాయదగిన వచనం కూడా అవుతుంది.

డీజిలు వాసన కోసం కలవరించేవారిని నేను ఆపను. ఎవరి యవ్వనం వారికి ప్రియం. కాని ఈసారి రాసేటప్పుడు ఆ బండి నెంబరు రాయండి. అది ఏ స్టేషనులో ఎన్ని గంటలకు ఆగేదో రాయండి. ఎప్పుడు ఆగడం మానిందో, ఎవరి ఉత్తర్వుతో మానిందో రాయండి. టిక్కెట్టు ఎంతో రాయండి. ఇన్నీ రాసిన తర్వాత కూడా ‘ఆ రోజులు ఇక రావు’ అనే వాక్యం రాయాలనిపిస్తే, అప్పుడు రాయండి. అనిపించదని నా నమ్మకం.